నీ కొండ ఏది? నీ గెడ్డ ఏది?



ఈ గ్రూపులో రెండేళ్ళ నుంచి ఉన్నా. మీరు రాసేవన్నీ చదువుతా. హాస్టల్ కష్టాలు, పోడు పట్టాల గొడవలు, మొదటి ఉద్యోగం కబుర్లు... చదివి లైక్ కొట్టి ఊరుకుంటా. నేను మాత్రం ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పాలంటే ఒక సెలవుల వారాంతం గురించి చెప్పాలి. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాది పాడేరు ఏజెన్సీ, హుకుంపేట మండలం. కొండదొరలం. గురుకులంలో చదివి, తర్వాత నర్సింగ్ చేసి, కిందా మీదా పడి పరీక్షలు రాసి న్యూజిలాండ్ వచ్చా. హామిల్టన్ అనే ఊళ్ళో వృద్ధుల కేర్ హోంలో నర్సుగా పని చేస్తున్నా. వచ్చి మూడేళ్ళు దాటింది.

ఈ మూడేళ్ళలో ఎవరు ఊరు అడిగినా నా జవాబు ఒక్కటే: "వైజాగ్". ఇక్కడ మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. ఉగాదికి, దసరాకి కలుస్తాం. మంచివాళ్ళే. కానీ రెండో మాటకే "వైజాగ్‌లో ఎక్కడ?", మూడో మాటకి "ఇంటిపేరేంటి?" అంటారు. అదెందుకు అడుగుతారో మనందరికీ తెలుసు. సీతమ్మధార అనేదాన్ని. అక్కడ ఆరు నెలలు కోచింగ్‌కి ఉన్నా, అందుకని పూర్తి అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఇంటర్లో కాలేజీకి మైదానంలోకి దిగినప్పుడు "కొండోళ్ళ పిల్ల" అని పిలిచారు. ఆ పిలుపు మళ్ళీ వినడం ఇష్టం లేక విమానం ఎక్కినా దాక్కుంటూనే ఉన్నా.

మా కేర్ హోంలో ఒక మావోరీ అక్క పనిచేస్తుంది. అక్క అని నేనే అనుకుంటా, ఆమెకి మనవలు కూడా ఉన్నారు. మావోరీలు అంటే ఈ దేశపు ఆదివాసీలు. వాళ్ళల్లో ఒక పద్ధతి ఉంది, దాన్ని పెపెహా అంటారు. నలుగురిలో తమను పరిచయం చేసుకునేటప్పుడు ముందు పేరు చెప్పరు. ముందు తమ కొండ పేరు, తర్వాత తమ నది పేరు, తర్వాత తమ తెగ, తమ వాళ్ళు. పేరు ఆఖర్న వస్తుంది. ఆ అక్క ఒకరోజు మీటింగులో లేచి "నా కొండ టౌపిరి, నా నది వైకాటో" అని మొదలుపెట్టింది. అందరం వరసగా చెప్పాలన్నారు. నా వంతు వచ్చింది. "వైజాగ్" అన్నా. ఆ అక్క నవ్వి, "అది ఊరు కదా. నీ కొండ ఏది? నీ నది ఏది?" అంది.

నోట్లోంచి మాట రాలేదు. కొండ లేక కాదు. ఉండి, చెప్పలేక.

ఇక వారాంతం సంగతి. జనవరి ఆఖర్లో ఇక్కడ ఆక్లాండ్ యానివర్సరీ అని సోమవారం సెలవు వస్తుంది. హామిల్టన్‌లో కూడా ఉంటుంది. శని, ఆది, సోమ మూడు రోజులు. ఇక్కడ జనవరి అంటే నడి వేసవి. తెలుగువాళ్ళం ఐదుగురం టోంగారిరో ఆల్పైన్ క్రాసింగ్ నడుద్దామనుకున్నాం. గుంటూరు వైపు అన్న ఒకాయన, హైదరాబాద్ అమ్మాయి ఒకతె, విజయవాడ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, నేను. అగ్నిపర్వతాల మధ్య నుంచి ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగే దారి అది. సుమారు 20 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటల నడక.

వెళ్తున్నానని చెబితే మా మావోరీ అక్క సంతోషపడింది. తర్వాత రెండు మాటలు చెప్పింది. "దారిలో నడువు, శిఖరాలు ఎక్కొద్దు. ఆ శిఖరాలు అక్కడి తెగకి పెద్దల తల లాంటివి. చెరువుల నీళ్ళు ముట్టుకోవద్దు." అంతే. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

మా తాత గుర్తొచ్చాడు. అడ్డాకులకో, కట్టెలకో కొండెక్కేటప్పుడు అడుగునే ఆగి ఒక ఆకు తుంచి రాయి దగ్గర పెట్టేవాడు. పెదాలు కదిలేవి, ఏమనేవాడో వినపడేది కాదు. చిన్నప్పుడు నేను నవ్వితే, "ఎవులింటికైనా సెప్పకండా ఎల్తామేటే? కొండా అంతే" అనేవాడు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడే తాత పోయాడు. టికెట్ డబ్బుల్లేవు, సెలవూ లేదు. వీడియో కాల్‌లో చూశా.

శనివారం మధ్యాహ్నం కారులో బయల్దేరాం. నేషనల్ పార్క్ అనే చిన్న ఊరికి 200 కిలోమీటర్ల పైచిలుకు. దగ్గరికొచ్చేసరికి మూడు కొండలు కనిపించాయి. రువాపెహు అన్నిటికంటే పెద్దది, 2,797 మీటర్లు, వేసవిలో కూడా నెత్తిన మంచు. నౌరుహోయె 2,287 మీటర్లు, చోళ్ళు కుప్ప పోసినట్టు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. టోంగారిరో 1,967 మీటర్లు. కారులో పాటలు ఆగిపోయాయి. మన ఏజెన్సీ వాళ్ళకి కొండలు కొత్త కాదు గానీ చెట్టన్నది లేని కొండని నేను అదే మొదటిసారి దగ్గర్నుంచి చూడడం.

ఆ రాత్రి బసలో గోడమీద ఆ కొండల చరిత్ర రాసి ఉంటే చదివా. మీరూ తెలుసుకోవాలి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ భూమి కోర్టులు పెట్టారు. తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని మనుషుల పేర్ల మీద విడగొట్టడం వాటి పని. పేరు మీదకొచ్చిన భూమి ముక్కలై అమ్ముడైపోయేది. తూఫారెటోవా తెగ పెద్ద, నాలుగవ తె హెయుహెయు, తమ కొండలకి కూడా అదే గతి పడుతుందని భయపడ్డాడు. 1887లో ఆ మూడు శిఖరాలనూ ఎవరూ కొనకుండా, అమ్మకుండా కాపాడాలని బ్రిటిష్ రాణి పేరున ఉన్న ప్రభుత్వానికి అప్పగించాడు. 1894లో అది న్యూజిలాండ్ మొదటి నేషనల్ పార్క్ అయింది. దాన్ని అందరూ బహుమతి అంటారు. ఆ తెగ వాళ్ళు మాత్రం, మేం వదిలేసుకోలేదు, కలిసి కాపాడదామని చెయ్యి కలిపాం అంటారు. 1990లో ప్రకృతి సంపదగా యునెస్కో గుర్తింపు వచ్చింది. 1993లో, ఆ కొండలకీ ఆ తెగకీ ఉన్న సంబంధాన్ని చూసి సాంస్కృతిక వారసత్వంగా కూడా గుర్తించారు. ప్రపంచంలో ఆ రకం గుర్తింపు వచ్చిన మొదటి చోటు అదే.

పడుకున్నాక నిద్ర పట్టలేదు. మనకి 1/70 చట్టం ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన అనంతగిరి మండలం గనుల గొడవలోంచే పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గనుల కోసం ప్రైవేటు వాళ్ళకి లీజుకివ్వడం కుదరదని చెప్పిన తీర్పు. దేశమంతా దాన్ని చదువుకుంటారు. ఆ నేల మీద పుట్టిన నేను సీతమ్మధార అని చెప్పుకు తిరుగుతున్నా.

ఆదివారం తెల్లవారుజామున షటిల్ బస్సు మమ్మల్ని మంగాటెపొపొ దగ్గర దింపింది. మొదలయ్యే చోటే 1,120 మీటర్ల ఎత్తు. చలి లంబసింగిలో డిసెంబరు పొద్దులా ఉంది. మిగతావాళ్ళు నడక కోసం నెల రోజులు జిమ్‌కి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. కొండ పిల్లని, నాకేంటి అనుకున్నా. మామూలు స్పోర్ట్స్ బూట్లు వేసుకొచ్చా.

మొదటి గంట లోయ వెంట చదునుగా సాగింది. పక్కన సన్నటి గెడ్డ, పాత లావా రాళ్ళు, వాటి మీద పసుపుపచ్చ నాచు. బయల్దేరే ముందు అందరూ ఫోటోలు దిగుతుంటే నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, దారి పక్క రాయి మీద అరచెయ్యి పెట్టా. ఆకు తుంచలేదు, అక్కడి మొక్క ముట్టుకోవచ్చో లేదో తెలీదు కదా. ఎవరూ చూడకూడదని వంగానని ఒప్పుకోవాలి.

తర్వాత మెట్లు వచ్చాయి. డెవిల్స్ స్టెయిర్‌కేస్ అంటారు, దయ్యం మెట్లు. అక్కడ నా కొండ పిల్ల గర్వం దిగిపోయింది. మూడేళ్ళుగా చదును నేల మీద, లిఫ్టుల్లో తిరిగిన కాళ్ళు. సగం ఎక్కేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అరవై దాటిన తెల్ల ముసలావిడ ఒకామె కర్ర పొడుచుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయింది. ఇది తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్తున్నా: కొండల్లో పుట్టినంత మాత్రాన సరిపోదు, కాళ్ళు కూడా మర్చిపోతాయి.

మెట్లెక్కితే సౌత్ క్రేటర్. కొండల మధ్య పెద్ద మైదానం, పసుపు బూడిద రంగు మట్టి. కుడి పక్కన నౌరుహోయె నిటారుగా. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాల్లో మౌంట్ డూమ్ అని చూపించింది దీన్నే. అక్కడ గుంటూరు అన్న ఆగాడు.

"ఎక్కి వచ్చేద్దాం. మహా అయితే మూడు గంటలు. ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎట్లా?"

విజయవాడ ఆయన కూడా సరే అన్నాడు. ఎక్కకూడదని చట్టమేమీ లేదు. ఎక్కవద్దని తెగ వాళ్ళ విన్నపం, అంతే. శిఖరానికి దారి చూపే గుర్తులు కూడా అందుకే తీసేశారు.

"వద్దన్నా, వాళ్ళకి పవిత్రమైన కొండ. ఎక్కొద్దని అడుగుతున్నారు కదా" అన్నా.

"వాళ్ళకి పవిత్రం. మనకేంటి?"

"మన గుడి గోపురం మీదికి ఎవరైనా ఫోటో కోసం ఎక్కితే ఊరుకుంటామా?"

ఆయన నవ్వేశాడు. చెడ్డగా కాదు, సరదాగానే. "గుడి వేరు, కొండ వేరమ్మా. నువ్వేంటి, మరీ కొండోళ్ళలాగా మాట్లాడుతున్నావు?"

పదిహేనేళ్ళ క్రితం కాలేజీ వరండాలో విన్న మాట. ప్రపంచానికి ఈ చివర కూడా విన్నా. ఎప్పటిలా తల దించుకుని నవ్వేసి ఊరుకోవచ్చు. నోరు పొడిబారిపోయింది. గాలి చెవుల్లో హోరుమంటోంది.

"కొండోళ్ళమే అన్నా. కొండదొరలం మేము. మాది సీతమ్మధార కాదు, హుకుంపేట దగ్గర. మా తాత కొండకి చెప్పకుండా అడుగు పెట్టేవాడు కాదు. మీరెక్కితే ఎక్కండి, మిమ్మల్ని ఆపడానికి నేనెవర్ని. నేను మాత్రం ఎక్కను."

ఎవరూ మాట్లాడలేదు. హైదరాబాద్ అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడి, "నేనూ ఎక్కను, నాకు కాళ్ళు కూడా లేవు" అంది. అందరూ కాస్త నవ్వారు. గుంటూరు అన్న కాసేపు ఆ కొండ వైపు చూసి, "సరే పదండి" అన్నాడు. మొహం మాత్రం మాడ్చుకున్నాడు.

అక్కడి నుంచి రెడ్ క్రేటర్ అంచుకి ఎక్కాలి. దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు అది, 1,850 మీటర్లు దాటుతుంది. మన ఆర్మ కొండ 1,680 మీటర్లు అంటారు, అంతకంటే ఎత్తు. రాళ్ళలోని ఇనుము తుప్పు పట్టినట్టై ఎర్రగా మారిందట. నేల పగుళ్ళలోంచి ఆవిరి, కుళ్ళిన గుడ్ల లాంటి గంధకం వాసన. చెయ్యి ఆనిస్తే మట్టి వెచ్చగా ఉంది. మంచు గాలిలో ఒంగుని వేడి మట్టి మీద చేతులు పెట్టుకున్నాం.

అంచు మీదికి చేరేసరికి మబ్బు కమ్మేసింది. పది నిమిషాల క్రితం ఎండ. ఇప్పుడు ముందు మనిషి కనపడడం లేదు. గాలి పక్కనుంచి తోస్తోంది. దారి సన్నది, రెండు పక్కలా లోతు. నేను నిలబడలేక కూర్చుండిపోయా. నిజంగా భయం వేసింది. హైదరాబాద్ అమ్మాయి కాటన్ స్వెట్‌షర్ట్ వేసుకుంది, చెమటకి తడిసింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అడిగినదానికి జవాబు తడబడుతోంది. ఒళ్ళు చల్లబడిపోవడం అలాగే మొదలవుతుంది. ఒక రాతి చాటుకి తీసుకెళ్ళి తడి బట్ట మార్పించి, నా ఉన్ని స్వెటర్ తొడిగి, ఫ్లాస్కులో టీ తాగించా. అందరం దగ్గరగా ఒరుసుకుని కూర్చున్నాం. వానకి పోడు గుడిసెలో మేకల్ని దగ్గరకి లాక్కుని కూర్చున్నట్టు. గుంటూరు అన్న తన రెయిన్ కోటు విప్పి గాలికి అడ్డం పట్టుకున్నాడు, చేతులు గడ్డకట్టినా దించలేదు. అది కూడా రాయాలి.

ఇరవై నిమిషాలకి ఆ అమ్మాయి మాట సరిగ్గా వచ్చింది. మబ్బు పలచబడింది. అప్పుడు కింద మూడు చెరువులు కనిపించాయి. ఎమరాల్డ్ లేక్స్. మరకతం రంగు, లోపల్నుంచి దీపం పెట్టినట్టు. రెడ్ క్రేటర్ నుంచి కరిగి వచ్చే ఖనిజాల వల్ల ఆ రంగు అట. వాటి దగ్గరికి దిగే దారి మొత్తం జారుడు కంకర. చోళ్ళ కుప్ప మీద నడిచినట్టు ప్రతి అడుగూ కిందికి జారుతుంది. అక్కడ మాత్రం నా కాళ్ళకి పాత చదువు గుర్తొచ్చింది. మడమ ముందు దింపాలి, ఒళ్ళు వెనక్కి వాలకూడదు, కంకరతో పాటు జారనివ్వాలి. ముందు నేను దిగి, "నా అడుగుల్లో అడుగెయ్యండి" అని నలుగుర్నీ దింపా. నేనూ ఒకసారి కూలబడ్డా, అరచెయ్యి గీరుకుపోయింది.

చెరువు ఒడ్డున నీళ్ళలో చెయ్యి పెట్టబోతూ గుంటూరు అన్న ఆగాడు. నా వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకాస్త ముందుకెళ్తే బ్లూ లేక్ అని ఇంకో పెద్ద చెరువు. దాని ఒడ్డున తినడం కూడా అక్కడి వాళ్ళకి తప్పు. అది దాటాకే పులిహోర పొట్లాలు విప్పాం.

ఇక దిగుడే. కింద తౌపో సరస్సు వెండి పళ్ళెంలా మెరుస్తోంది. పక్కన తె మారీ బిలాల నుంచి ఆవిరి లేస్తోంది. 2012 ఆగస్టులో అక్కడ పేలుడు జరిగి, ఎగిరిన రాళ్ళు పడి కెటెటాహి బస కప్పు చిల్లులు పడింది. కొండ బతికే ఉందన్నమాట. ఆఖరి గంట అడవిలోంచి దారి. పొద్దుట్నుంచి ఒక్క చెట్టు లేదు, ఇప్పుడు ఒక్కసారిగా నీడ, తడి ఆకుల వాసన, పక్కన గెడ్డ చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు మూసుకుంటే మా ఊరే.

గుంటూరు అన్న వెనక నుంచి వచ్చి పక్కన నడుస్తూ, "ఆ కొండ ఎక్కడానికి వెళ్ళుంటే ఆ మబ్బులో పైనే ఇరుక్కునేవాళ్ళం" అన్నాడు. అవును, అలా జరిగుండొచ్చు. కానీ నేను వద్దన్నది అందుకు కాదు, ఎండ కాసినా వద్దనేదాన్ని. ఆ మాటే చెప్పా. కాసేపాగి, "మీ తాత కొండకి ఏం చెప్పేవాడు?" అని అడిగాడు.

"వినపడేది కాదన్నా" అన్నా.

సారీ చెప్పలేదాయన. నేను ఎదురు చూడలేదు. తిరుగు దారిలో మాత్రం కారులో మా ఊరి గురించి అడుగుతూనే ఉన్నారు. కాఫీ ఎలా పండుతుంది, మిరియం పాదు ఏ చెట్టుకి పాకిస్తారు, రోడ్డు ఉందా, డోలీ ఇంకా మోస్తున్నారా. చెప్తూనే ఉన్నా. మూడేళ్ళ మాటలు కదా.

సోమవారం రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఎత్తు కొండ గురించి, మన గెడ్డ గురించి అడిగితే, "కొండ పేరు మర్సిపోనావేటే?" అని నవ్వింది. మర్చిపోలేదమ్మా, నీ నోటితో విందామని అన్నా.

మంగళవారం డ్యూటీకి వెళ్ళి, టీ టైములో ఆ మావోరీ అక్క ముందు కూర్చుని చెప్పా. నా కొండ ఆర్మ కొండ. నా గెడ్డ మత్స్యగెడ్డ. మేం కొండదొరలం. ఆఖర్న నా పేరు. తెలుగులోనే చెప్పా, తర్వాత ఇంగ్లీషులో. ఆమె లేచి తన నుదురు నా నుదుటికి, ముక్కు నా ముక్కుకి ఆనించింది. వాళ్ళ పలకరింపు అది. "ఇప్పుడు పరిచయం అయ్యావు" అంది.

బయటి దేశం రావాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ రెండు మాటలు. కొండ నడకకి వెళ్తే కాటన్ బట్టలొద్దు, ఉన్ని గానీ, తడిసినా త్వరగా ఆరే బట్ట గానీ వేసుకోండి. నీళ్ళు మోసుకెళ్ళండి, దారిలో తాగే నీళ్ళు దొరకవు. వాతావరణం ముందు రోజు రాత్రీ చూడండి, పొద్దున్నా చూడండి. బాగోలేకపోతే వెనక్కి వచ్చెయ్యండి, కొండ ఎక్కడికీ పోదు.

రెండోది, ఊరు అడిగితే ఊరే చెప్పండి. నాకు మూడేళ్ళు, 20 కిలోమీటర్లు పట్టింది. మీకంత పట్టకూడదు. నేను చెప్పేశా కాబట్టి ఇప్పుడు మీ వంతు. నీ కొండ ఏది? నీ గెడ్డ ఏది? రాయండి, ఆ అక్కకి చదివి వినిపిస్తా.

జోహార్.